డమ్మీ వంటింట్లోకి వెళ్లాలన్న రూలు

ఈ ఏడాది మాఘమాసంలో ఆఖరి గురువారం, మధ్యాహ్నం రెండు గంటల ముప్ఫయి ఐదు నిమిషాలకు, తొమ్మిదేళ్లుగా నాతో మాట మానేసిన మనిషి మా వీధి గుమ్మంలో చెప్పులు విప్పింది. రెండున్నరకి వస్తానని రాసింది. ఐదు నిమిషాలు ఆలస్యం. ముప్ఫయ్యేళ్లు బడి బెల్లు ప్రకారం బతికిన మనిషి ఐదు నిమిషాలు ఆలస్యం చేసిందంటే, వీధి మలుపులో నిలబడి వెళ్లనా మాననా అని ఆలోచించి ఉంటుంది. నేనైతే ఇంకా ఎక్కువసేపు ఆలోచించేదాన్ని.

ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరమ్మగా చేసి రిటైరయింది. బ్రిడ్జి ఆటలో నా జోడీ. బ్రిడ్జి కూడా పేకాటే, కానీ రమ్మీలాగా ఎవరి ముక్కలు వాళ్లు చూసుకుని గెలిచేది కాదు. నలుగురుండాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. తలా పదమూడు ముక్కలు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు, అది పెద్ద ముక్క వేసిన జట్టుది. ఏ రంగు తురుపు చేసుకుని ఎన్ని పట్లు పడతామో ముందే వేలంలో లాగా పాట పాడాలి. పాట గెలిచిన జట్టులో ఆ రంగు పేరు మొదట ఎత్తినావిడ ఆడుతుంది. ఆవిడ జోడీ తన పదమూడు ముక్కలూ అందరికీ కనబడేలా పరిచేసి, వాటిని ఆడించడం కూడా ఆవిడకే వదిలేసి, ఆ ఆట అయ్యేదాకా నోరు మూసుకోవాలి. ఆ పరిచిన మనిషిని డమ్మీ అంటారు. ఇంతవరకు గుర్తుంటే చాలు. మా గొడవంతా ఆ డమ్మీ దగ్గరే వచ్చింది.

నాకీ ఆట నేర్పింది ఒక గవర్నమెంటు డాక్టరుగారి భార్య. నేను వాళ్ల క్వార్టర్లో వంటమనిషిని. అప్పటికి నాకు ముప్ఫయ్యెనిమిదేళ్లు. సంతకం బదులు వేలిముద్ర. ఆవిడ ఢిల్లీ వైపు ఎక్కడో చదువుకుని వచ్చిన మనిషి. నర్సీపట్నంలో ఏమీ తోచక ఇద్దరు ఆఫీసర్ల భార్యల్ని పోగేసింది గానీ నాలుగో మనిషి దొరకలేదు. రెండు నెలలు చూసి చూసి, ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది.

"అమ్మగారూ, పొయ్యి మీద పప్పున్నాదండీ," అన్నాను.

"డమ్మీ అయినప్పుడు లేచి చూసుకో," అంది ఆవిడ.

ఆట నాకు వారంలో పట్టుబడింది. జీవితంలో నేను మొదట గుర్తుపట్టిన అక్షరాలు అ ఆ లు కావు. ఆసు మీద గుడారం లాంటిది, రాజు మీద కాళ్లు చాపుకున్నది, రాణి మీద తోక ఉన్న సున్నా, జాకీ మీద గాలం. ఈ నాలుగు చాలు. ఎవరు ఏ ముక్క వేశారో గుర్తుపెట్టుకోవడం అంటారా, సంతకెళ్లి కాగితం లేకుండా నెల సరుకులు తెచ్చేదాన్ని. యాభై రెండు ముక్కలు ఏపాటి? ఆఫీసర్ల భార్యలిద్దరూ మొదట్లో నన్ను చూసి కుర్చీ కొంచెం జరుపుకునేవారు. నెల తిరిగేసరికి నన్ను జోడీగా తీసుకోవడానికి పోటీ పడ్డారు.

డమ్మీ అయినప్పుడల్లా నేను వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. డాక్టరుగారి భార్య డమ్మీ అయితే మాత్రం కాలు మీద కాలు వేసుకుని కూర్చునేది. నాకు అనుమానం రాలేదు. దొరసాని, ఆవిడకి వంటింట్లో ఏం పని, అందుకే లేవడం లేదనుకున్నాను. డమ్మీ లేచి వంటింట్లోకి వెళ్లడం ఆటలో ఉన్న రూలేనని నా బుర్రలో అచ్చు పడిపోయింది.

రెండేళ్లకి వాళ్లకి ట్రాన్స్‌ఫరయింది. వెళ్తూ వెళ్తూ నాకు రెండు పేక దస్తాలిచ్చింది. నేను మా తోడికోడలికి నేర్పాను. గోడ పక్కనే వాళ్లిల్లు. వెనక వీధిలో ఉండే కాంపౌండరుగారి భార్యకి నేర్పాను. నాలుగో మనిషిగా, మా ఎదురింట్లో అద్దెకి దిగిన లెక్కల టీచరమ్మ వచ్చింది. లెక్కల టీచరుకి వేలిముద్రల వంటమనిషి పాఠం చెప్పిందని నేను చాలామందికి చెప్పుకున్నాను. అవసరం లేని చోట కూడా చెప్పుకున్నాను.

"డమ్మీ అయిన మనిషి లేసి వంటింట్లోకి ఎల్లిపోవాల. అక్కడున్న పని సూడాల. ఆట అయిపోయేదాకా రాకూడదు," అని ముగ్గురికీ చెప్పాను.

"ఎందుకలా?" అంది టీచరమ్మ.

"ఇక్కడే కూకుంటే జోడీకి కళ్లతో సైగలు సేస్తారని." ఆ కారణం నేను అప్పటికప్పుడు పుట్టించాను. చాలా బాగా కుదిరింది.

"లాజిక్ ఉంది," అని ఆవిడ తలూపింది.

ఆట ఎప్పుడూ మా అరుగు మీదే. టీచరమ్మగారి అత్తగారికి పేకముక్క కనబడితే గిట్టదు, కాంపౌండరుగారిది ఒంటి గది, మా తోడికోడలింట్లో ఎప్పుడూ చుట్టాలు. అందుకని డమ్మీ చేసే పని ఎప్పుడూ మా ఇంటి పనే. దానివల్ల మా బ్రిడ్జి ఇంకెక్కడా లేని బ్రిడ్జి అయింది. ఎవరికీ డమ్మీ అవడం ఇష్టం లేదు గనక జోడీలే ఒకరితో ఒకరు పోటీపడి పాడేవారు. చేతిలో నాలుగు చెత్త డైమండ్లుంటే చాలు, ముందు నేను అన్నానంటే నేనన్నానని డైమండు పేరెత్తేసేవారు. మా తోడికోడలు మరీను. వచ్చీ రాగానే మంచినీళ్ల నెపం పెట్టి వంటింట్లోకి తొంగి చూసేది. కందిపప్పు ఏరడమైతే నెమ్మదిగా పాసు అనేది. రొయ్యలు ఒలవడమైతే ఏడు దాకా, అంటే పదమూడుకి పదమూడు పట్లూ పడతానని, పాడేసేది.

మా అరుగు మీద ఆట మొదలైన మూడో ఏడు డాక్టరుగారి భార్య లంబసింగి చూడ్డానికి వెళ్తూ దారిలో మా ఇంటి దగ్గర కారాపింది. మా ఆట గురించి గొప్పగా చెప్పుకొచ్చాను. డమ్మీ సంగతి రాగానే ఆవిడకి నవ్వొచ్చి టీ పొలమారింది.

"పిచ్చిదానా, అది రూలు కాదు. నీ పప్పు మాడిపోతుందని నీకు చెప్పాను!"

కారు వెళ్లిపోయాక నేను అరుగు మీద కూర్చుని ఆలోచించాను. మర్నాడు ఆట ఉంది. వంటింట్లో బుట్టెడు చింతపండు గింజ తీయాల్సి ఉంది. ఈ ఒక్క వారం పోనిచ్చి చెబుదామనుకున్నాను.

నా యాభై రెండో ఏట టీచరమ్మ నాకు అక్షరాలు నేర్పింది. చదువు మీద ప్రేమతో నేర్చుకోలేదు. స్కోరు పుస్తకం ఆవిడ రాసేది, సరిగ్గా రాస్తోందో లేదో నాకు తెలియాలి. అంతే. ఆటకి అరగంట ముందొచ్చి పలక మీద రాయించేది. నేను మొదటిసారి నా పేరు రాసుకున్న రోజున ఆవిడ తన చెప్పులు మర్చిపోయి ఇంటికి వెళ్లిపోయింది, అంత సంబరపడింది. ఆరోజే వంటింట్లో ఆవిడ చేత మూడు కేజీల ఎండుమిరప తొడిమలు తీయించాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

తొమ్మిదేళ్ల కిందట ఆవిడ యలమంచిలిలో మేనల్లుడి పెళ్లికి వెళ్లింది. విడిదింట్లో రైల్వేలో చేసి రిటైరయిన పెద్దమనుషులు ముగ్గురు నాలుగో మనిషి కోసం చూస్తున్నారట. ఈవిడ నాకొచ్చు అని కూర్చుంది. బాగానే ఆడింది, నేను నేర్పిన ఆట కదా. డమ్మీ అవగానే ముక్కలు పరిచి, కొంగు నడుముకి దోపి, తిన్నగా పెళ్లి వంటవాళ్ల దగ్గరికి వెళ్లి కత్తిపీట ముందు కూర్చుంది. అరతట్ట వంకాయలు తరిగాక రైల్వే పెద్దమనుషులు వెతుక్కుంటూ వచ్చారు. ఏమిటమ్మా ఇది అంటే, డమ్మీని కదండీ అంది. పెళ్లికొడుకు తరఫు, పెళ్లికూతురు తరఫు అని లేకుండా విడిదిల్లంతా నవ్విందట.

తిరిగొచ్చిన సాయంత్రమే మా అరుగెక్కింది. అక్కని పిలిచినట్టు రోజూ అనే "అప్పా" అన్న పిలుపు లేదు.

"నన్ను వంటమనిషిని చేశావు," అంది.

నేను తప్పు ఒప్పుకుందామనే నోరు తెరిచాను. కానీ ఆ మాట వినగానే నా ఒళ్లు మండింది. వంటమనిషి అంటే ఏదో పురుగు పేరులాగా అంది. నేను ఇరవయ్యేళ్లు వంట చేసే ఇద్దరు పిల్లల్ని పెంచాను.

"వంటమనిషి నేర్పితేనే నీకు ఆటొచ్చింది," అన్నాను. అంతవరకు ఆవిడని మీరు అనేదాన్ని. "పదమూడు ముక్కలు లెక్కెట్టుకోలేవు, నువ్వేటి లెక్కల టీచరువి?"

ఆవిడ దిగి వెళ్లిపోయింది. ఆర్నెల్లకి ఇల్లు కూడా మారిపోయింది. మా తోడికోడలికీ కాంపౌండరుగారి భార్యకీ, ఆవిడ ఆసు మీద నేను తురుపు వేశానని అలిగిందని చెప్పాను. బ్రిడ్జి ఆడేవాళ్లకి అది నమ్మదగిన కారణమే.

తరవాత ఆట లేదు. మా ముసలాయన్ని నాలుగో మనిషిగా కూర్చోబెట్టి చూశాం. ముక్కలు విప్పగానే "అబ్బో, రాజులు ముగ్గురొచ్చారే" అని పైకి అనేవాడు. మా మనవరాలు ఫోన్లో బ్రిడ్జి పెట్టిచ్చింది. ఫోన్లో జోడీ అలగదు, తిట్టదు, తప్పాడితే మూతి ముడవదు. ఉప్పు లేని మజ్జిగ తాగినట్టుండేది. తీసేయమన్నాను.

నాకిప్పుడు డెబ్బయి మూడు. కాంపౌండరుగారు పోయి, ఆయన భార్యకి మోకాళ్ల నెప్పులొచ్చి, మా తోడికోడలికి ఒక కంట్లో పొర తీయించి, మేం ముగ్గురం అరుగు మీద రమ్మీ ఆడుకుంటూ ఉంటే నాకు పుష్యమాసంలో ఒకరోజు గట్టిగా అనిపించింది. ఆ మనిషి వచ్చి ఎదురుగా కూర్చోకపోతే నేనింక బ్రిడ్జి ఆడకుండానే పోతాను. ఇంకెవరితోనైనా ఆడొచ్చు కదా అంటారేమో. నేనెప్పుడు ఏ ముక్క వేస్తానో ముందే తెలిసిన మనిషి ఈ ఊళ్లో ఆవిడొక్కతే.

కాబట్టి ఉత్తరం రాశాను. నా జీవితంలో అదే మొదటి ఉత్తరం. "టీచరమ్మగారికి నమస్కారం. ముగ్గురమే ఉన్నాం. తొమ్మిదేళ్ల నుంచి రమ్మీ ఆడుతున్నాం. మీరు రాకపోతే చచ్చేదాకా రమ్మీయే. రండి." కాంపౌండరుగారి భార్య చేత పంపించాను.

మూడో రోజుకి నా ఉత్తరమే తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, పదికి ఐదు మార్కులు వేసి ఉంది. కింద రాసింది: "గురువారం రెండున్నరకి వస్తాను. ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు సరిగ్గా లేకపోతే కూర్చోను."

ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. గురువారం పొద్దున్నే లేచి, వంటింట్లో చెయ్యాల్సిన పనన్నది ఒక్కటి కూడా కనబడకుండా సర్దేశాను. మిరపకాయల మూట మంచం కిందికి తోసేశాను.

ఆవిడ చెప్పులు విప్పి అరుగెక్కింది. జుట్టు మొత్తం తెల్లబడింది. నా ఎదురు కుర్చీ దగ్గర నిలబడింది గానీ కూర్చోలేదు.

"టీ పెట్టనా టీచరమ్మా?"

"ముందు ప్రశ్న," అంది. "డమ్మీ లేచి వంటింట్లోకి వెళ్లాలని మాకు చెప్పావు. అది రూలు కాదని నీకు తెలుసా, తెలీదా?"

"రూలు కాదా?" అంది మా తోడికోడలు, చేతిలో పేక కలపడం ఆపేసి.

"ఏటి కాదు?" అంది కాంపౌండరుగారి భార్య. ఆవిడకి కొంచెం చెముడు.

నాకు తేలికైన జవాబొకటుంది. చదువురాని దాన్ని, నాకేం తెలుసమ్మా అంటే చాలు. ఆ మాట నాకు ఆఫీసుల్లో, బస్సుల్లో, బంధువుల పంచాయితీల్లో ఎన్నిసార్లు పనికొచ్చిందో లెక్కలేదు. అది అంటే టీచరమ్మ కూర్చుంటుంది, మిగతా ఇద్దరూ నన్ను చూసి జాలిపడతారు, ఆట సాగుతుంది. నిజం చెబితే, ఈవిడ కూర్చుంటుందో లేదో గానీ, పక్కనున్న ఇద్దరూ లేచిపోవడం ఖాయం. కానీ నాకు అక్షరాలు పెట్టిన మనిషి ముందే నిలబడి చదువురాని దాన్ని అని ఎలా అనను?

"తెలుసు," అన్నాను. "మొదట్లో తెలీదు. మూడో ఏటికి తెలిసింది."

"మరెందుకు చెప్పలేదు?"

"ఆ వారం బుట్టెడు చింతపండున్నాది. పై వారం రొయ్యలు. అలాగ ఎప్పుడూ ఏదో ఒకటి ఉండీది."

మా తోడికోడలు పేక బల్ల మీద విసిరికొట్టింది. "ఓలప్పా! ఇన్నేళ్లు నా సేత సాకిరీ సేయించినావా? మా ఆయన కాళ్లు పట్టుకున్నా నాను ఒక్క రొయ్య ఒలవను. అటువంటిది నీ ఇంట్లో గంపలు గంపలు ఒలిసినాను! ఆట గదా, రూలు గదా అని!"

"ఒలిసినావు. బాగా ఒలిసినావు కూడాను," అన్నాను. నా నోరు అంతే.

"నానెల్లిపోతన్నాను!" అని లేచింది.

"నాకు ఎప్పుడో అనుమానమేనండి," అంది కాంపౌండరుగారి భార్య, తాపీగా. సంగతి అప్పటికి ఆవిడ చెవికెక్కింది. "అయినా నానేటి అనుకోను. వంటింట్లో బెల్లం డబ్బా నా కోసమే పెడతందనుకునీదాన్ని."

"నా బెల్లం నువ్వా తిన్నావు? ఎలకలనుకుని బోను పెట్టినానే!"

"ఆ బోన్లో కొబ్బరిముక్క కూడా బాగుండీదండి."

టీచరమ్మ నవ్వకుండా ఉండడానికి పెదవి బిగబట్టింది. తరవాత మా తోడికోడలి భుజం మీద చెయ్యి వేసింది. "కూర్చో అమ్మా. నేను తొమ్మిదేళ్లు అలిగి చూశాను. ఏమీ లేదందులో. సీరియళ్లు చూశాను, అంతే. అవీ బాగోలేదు."

"మీరు సెప్తన్నారని కూకుంటన్నాను. ఈవిడి మొగం సూసి కాదు," అని మా తోడికోడలు కుర్చీ నాకు అడ్డంగా తిప్పుకుని కూర్చుంది.

టీచరమ్మ ఇంకా నిలబడే ఉంది. "నేనూ ఒకటి చెప్పాలి," అంది నాతో. "వంకాయలు తరిగినందుకు కాదు నాకు సిగ్గేసింది. నవ్వారని. ఆ నవ్వు పట్టుకొచ్చి నీ మీద పారేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"ఏ మాట?"

"నీకు తెలుసు."

"నా నోటితో నాను సెప్పినాను గదా. మీరూ సెప్పండి."

"వంటమనిషి అని," అంది. చాలా కష్టంగా అంది. అని, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, "బేగి కలపండి, నాలుగింటికి నాకు కరెంటాఫీసులో పనుంది," అంది.

మొదటి పంపకం ఆవిడదే. నా చేతికి ఆఠీన్లు ఆరొచ్చాయి, ఆసు, రాణి తోటి. ఇస్పేట్లు నాలుగు, వాటిలో రాజు. ఆవిడ "ఒక ఇస్పేటు" అంది. మా తోడికోడలు గోడ వైపు చూస్తూ పాసంది. పాత రోజుల్లోనైతే నేను ఆఠీను పేరెత్తి ఆట నా చేతిలోకి లాక్కునేదాన్ని. ఇప్పుడు "నాలుగు ఇస్పేట్లు" అన్నాను. నాలుగంటే పది పట్లు పట్టాలి. ఆడేది ఆవిడ, డమ్మీ నేను.

ముక్కలు పరిచాను. పరిచిన వెంటనే నా మోకాళ్లు వాటంతటవే లేచాయి.

"ఎక్కడికి?" అంది టీచరమ్మ.

"ఎక్కడికీ లేదు."

కూర్చున్నాను. మా అరుగు మీద డమ్మీగా కూర్చుని ఆట చూడడం నాకు అదే మొదలు. నిజం తెలిశాక కూడా, దొరికిపోతానని, నేనూ లేచి వెళ్లి ఏదో ఒకటి చేస్తూనే ఉండేదాన్ని. ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకసారి ఒళ్లో పెట్టుకున్నాను, ఒకసారి బల్ల మీద పెట్టుకున్నాను, చివరికి వాటి మీదే కూర్చున్నాను.

చేతులైతే నయం. నోరు ఆపుకోలేక చావొచ్చింది. ఈవిడ ముందుగా ఎదుటివాళ్ల చేతుల్లో ఉన్న తురుపులు లాగేసి, ఆ తరవాత నా ఆఠీన్లు వాడుకోవాలి. కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆవిడ తురుపుల జోలికే పోలేదు. ఆఠీను ఆసు వేయించింది, మళ్లీ ఆఠీనే ఆడింది. రెండో దానికే కాంపౌండరుగారి భార్య ఒక చిన్న ఇస్పేటు వేసి కొట్టేసింది. టీచరమ్మ నా వైపు చూసింది. నేను దూలం వైపు చూశాను. ఆవిడ ఒక్కొక్క ముక్కా నెమ్మదిగా, అన్నం వార్చినంత సేపు ఆలోచించి వేసింది. పది పట్లు పట్టాల్సింది తొమ్మిదే పట్టింది.

"ఒకటి పోయింది," అంది, చాలా తృప్తిగా. "ఏటప్పా, ఏటీ అనవేటి?"

ఆట అయిపోయింది, ఇంక డమ్మీని కాను. "తురుపులు ముందు లాగాల టీచరమ్మా! పేక పట్టిన వారానికే తెలుస్తాది ఆ సంగతి!"

"తెలుసు. నువ్వెంతసేపు ఊరుకుంటావో చూద్దామని లాగలేదు," అని పేక నా వైపు తోసింది. "కలుపు."

నాలుగింటికి కరెంటాఫీసుకి ఆవిడ వెళ్లలేదు.

ఆరోజు అక్కడున్నవాళ్లు వీళ్లు: నేను. నా ఎదురుగా లెక్కల టీచరమ్మ. నా కుడి పక్కన మా తోడికోడలు, మూడో ఆటకి గానీ కుర్చీ ఇటు తిప్పుకోలేదు. ఎడమ పక్కన కాంపౌండరుగారి భార్య, ఆటకీ ఆటకీ మధ్య మంచినీళ్లు అంటూ లోపలికి వెళ్లొస్తూ ఉంది. పడక కుర్చీలో మా ముసలాయన, పేపరు మొహాన కప్పుకుని, మా ప్రతి మాటా వింటూ. గేటు దగ్గర గ్యాసు బండి మనిషి, నిండు సిలిండరు దించి, ఖాళీది తెచ్చిచ్చే మనిషి కోసం పావుగంట నిలబడి ఆట చూశాడు. "ఇందులో ఎవరు గెలిసినారండీ?" అని రెండుసార్లు అడిగాడు.